గాల్లో మొహమాటం పనికిరాదు

సాయంత్రం పూట విజయవాడ పక్కన మన ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా కబుర్లకు కొదవుండదు. వీటీపీఎస్ థర్మల్ కేంద్రంలో డ్యూటీ దిగినవాళ్లు, కొండపల్లి నుంచి వచ్చేవాళ్లు, కృష్ణ ఒడ్డున ఫెర్రీ వైపు షికారు బయల్దేరినవాళ్లు అందరూ కాసేపు ఆగుతారు. ఈమధ్య ఆ కబుర్లలోకి విమానాలు తరచూ వస్తున్నాయి. ఇదివరకు ఇంటికో ఇంజినీరు అన్నట్టుండేది. ఇప్పుడు అక్కడొకరు ఇక్కడొకరు పిల్లల్ని పైలట్ కోర్సుకు పంపుతున్నారు. పొలం అమ్మి కొందరు, బ్యాంకు లోను పెట్టి కొందరు. పిల్లాడు బయల్దేరేదాకా ఫీజు గురించే ఆలోచన. వెళ్లాక మొదలవుతుంది అసలు బెంగ. "ఏవండీ, పైన రోడ్లు లేవు, సిగ్నళ్లు లేవు. ఎదురుగా ఇంకో విమానం వస్తే వీడేం చేస్తాడు?"

అడగాల్సిన ప్రశ్నే ఇది. మా తోడల్లుడి కొడుకు ఒకడు ఈ చదువులోనే ఉన్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా వాణ్ని కూర్చోబెట్టి అడుగుతుంటాను. వాడు ఓపిగ్గా చెప్పినవీ, నేను చదివి తెలుసుకున్నవీ కలిపి మీకు చెబుతాను. వింటే మీ బెంగ కొంత తగ్గుతుంది. కొంత మిగులుతుంది కూడా, అది మిగలడమే మంచిది.

ముందు దూరం లెక్క చూద్దాం. మన ఊరి నుంచి గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయం గాల్లో తిన్నగా కొలిస్తే సుమారు 30 కిలోమీటర్లు. పైలట్ల లెక్కలో 16 నాటికల్ మైళ్లు. బస్సులో బెంజి సర్కిల్ దాటి వెళ్లాలంటే ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. గంటకు 185 కిలోమీటర్ల వేగంతో వెళ్లే చిన్న సెస్నా విమానానికి మన థర్మల్ పొగగొట్టాల దగ్గర్నుంచి రన్‌వే దాకా 10 నిమిషాలు. దిగడానికి వస్తున్న పెద్ద జెట్ అయితే నాలుగైదు నిమిషాల్లో చుట్టేస్తుంది. అంటే ఒకే ఆకాశంలో, ఒకే రన్‌వే కోసం, ఒకదానికొకటి పొంతన లేని వేగాలతో విమానాలు వస్తాయి. వాటిలో ఒకదాంట్లో, పక్కన గురువు కూడా లేకుండా ఒంటరిగా, మీసం సరిగా రాని కుర్రాడు కూర్చుని ఉండొచ్చు. మన దేశంలో 16 ఏళ్లు నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు అర్హత వస్తుంది. 18 నిండి, 200 గంటలు ఎగిరితే కమర్షియల్ లైసెన్సుకు వస్తుంది. ఆ రెంటి మధ్య నేర్చుకునే కాలమే అన్నిటికన్నా సున్నితమైనది.

"ఆకాశం అంత విశాలం కదా, కళ్లు తెరుచుకుని ఉంటే చాలదా పెదనాన్నా అని అందరూ అడుగుతారు" అన్నాడు మావాడు. "చాలదు. కన్ను మోసం చేస్తుంది."

ఎలాగో వినండి. రెండు సెస్నాలు ఎదురెదురుగా వస్తున్నాయనుకోండి. రెండింటి వేగం కలిపితే సెకనుకు 100 మీటర్ల పైచిలుకు. అవతల కనబడ్డ చుక్క విమానమని గుర్తుపట్టి, ఇటే వస్తోందని తెలుసుకుని, ఏం చేయాలో తేల్చుకుని, చెయ్యి కదిపి, విమానం పక్కకు తిరిగేసరికి దాదాపు 12 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ తన పైలట్లకు చెబుతుంది. ఆ 12 సెకన్లలో వాటి మధ్య దూరం కిలోమీటరుంపావు తరిగిపోతుంది. అంత దూరంలో సెస్నా రెక్కల వెడల్పు పౌర్ణమి చంద్రుడంత కనబడుతుంది. కానీ ఎదురుగా చూస్తే అది సన్నటి గీత. మన డెల్టాలో సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే కమ్ముకునే మంచులో ఆ గీతను పట్టుకోవాలి.

దీన్ని మించిన చిక్కు ఇంకొకటుంది. మీ కిటికీ అద్దంలో పక్కకు జరుగుతూ కనబడే విమానంతో సాధారణంగా ప్రమాదం ఉండదు, అది మీ దారి నుంచి తప్పుకుంటోంది. అద్దంలో ఒకేచోట కదలకుండా నిలబడి, మెల్లగా పెద్దదవుతున్న చుక్కే మిమ్మల్ని గుద్దడానికి వస్తున్నది. మన కన్ను కదిలేదాన్ని చప్పున పడుతుంది, కదలనిదాన్ని వదిలేస్తుంది. అద్దం మీద దోమ మరక అనుకున్నది ఆఖరి మూడు నాలుగు సెకన్లలో విమానమై మీదికొస్తుంది. అందుకే పిల్లలకు మొదట్నుంచీ చూడడం నేర్పుతారు. ఆకాశాన్ని పదేసి డిగ్రీల ముక్కలుగా చేసుకుని, ఒక్కో ముక్క మీద కనీసం ఒక సెకను చూపు నిలపాలి. గబగబా తల తిప్పితే ఏదీ కనబడదు. మలుపు తిరిగే ముందు ఆ వైపు చూడాలి. రెక్క పైన ఉన్న సెస్నాలో పైన ఏముందో కనబడదు, రెక్క కింద ఉన్న పైపర్‌లో కింద ఏముందో కనబడదు. సెస్నా కిందా పైపర్ పైనా దిగుతూ వస్తే ఇద్దరికీ ఒకరికొకరు కనబడరు.

కన్ను ఒక్కటే చాలదు కాబట్టి కట్టుబాట్లు పెట్టారు. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి. అడ్డంగా కలిసే దారుల్లో, ఎవరికి కుడివైపు అవతలి విమానం కనబడుతోందో వాళ్లే దారివ్వాలి. ముందున్నదాన్ని దాటాలంటే కుడివైపు నుంచి దాటాలి. దిగేటప్పుడు కిందున్నవాడిది ముందు హక్కు, అలాగని ఆ సాకుతో మరొకడి ముందుకు చొరబడకూడదు. ఎత్తుల విషయంలోనూ ఒక పద్ధతుంది. తూర్పు దిక్కుగా వెళ్లేవాళ్లకు బేసి వేల అడుగులు, పడమటి దిక్కుగా వెళ్లేవాళ్లకు సరి వేల అడుగులు. కళ్లతో చూసుకుంటూ ఎగిరేవాళ్లు దానికి ఇంకో 500 కలుపుకోవాలి. కాబట్టి బేగంపేట నుంచి విజయవాడ వచ్చే కుర్రాడు 5,500 అడుగుల్లో వస్తే, ఇక్కడి నుంచి తిరిగి వెళ్లేవాడు 4,500లోనో 6,500లోనో వెళ్తాడు. దారి ఒకటే అయినా మధ్యలో 1,000 అడుగుల ఎడం ఉంటుంది.

కళ్లతో చూసి ఎగరాలంటే వాతావరణం కూడా కలిసిరావాలి. కనీసం 5 కిలోమీటర్ల దూరం కనబడాలి, మబ్బులకు ఎడంగా ఉండాలి, సూర్యాస్తమయానికి తిరిగొచ్చేయాలి. పొద్దున మంచు పట్టినప్పుడు నేలేదో నీళ్లేవో తెలియని ప్రాంతం మనది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి హెలికాప్టర్ భీమవరం నుంచి హైదరాబాద్ వెళ్తూ కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలింది. ఆ కబురు విన్న రోజు ఈ చుట్టుపక్కల పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. ఆకాశం బాగోలేదంటే ఇవాళ్టికి వద్దు అనుకోవడం కూడా ఈ చదువులో ఒక పాఠమే.

ఇక విమానాశ్రయం దగ్గరికి వద్దాం. నేర్చుకునే పిల్లలు ఎక్కువసేపు తిరిగేది అక్కడే. రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంలా ఒక దారి ఉంటుంది, దాన్ని సర్క్యూట్ అంటారు. మామూలుగా 1,000 అడుగుల ఎత్తులో, ఎడమ మలుపులతో తిరుగుతారు. ఎగిరి, తిరిగి, రన్‌వేకు సమాంతరంగా వెనక్కి వచ్చి, మళ్లీ రెండు మలుపులు తిరిగి దిగుతారు. దిగీ దిగకముందే మళ్లీ ఎగురుతారు. అందరూ ఒకే చోటికి, ఒకే ఎత్తుకు చేరే జాగా కాబట్టి చిన్న విమానాలు గుద్దుకునే ప్రమాదం అక్కడే ఎక్కువ. 2025 జూలై 8న కెనడాలోని మానిటోబాలో, స్టైన్‌బాక్ దగ్గర టవరు లేని ఒక చిన్న విమానాశ్రయంలో ఇద్దరు విద్యార్థులు ఇలాగే టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు సాధన చేస్తూ రన్‌వేకు కూతవేటు దూరంలో గుద్దుకుని చనిపోయారు. ఒకమ్మాయి అక్కడిదే. అబ్బాయి మన కేరళవాడు. రెండు విమానాల్లోనూ రేడియోలు ఉన్నాయి. ఒకరినొకరు చూసుకోలేదనే ఆ స్కూలువాళ్లు చెప్పారు. ఆ వార్త చదివి ఎన్ని ఇళ్లలో తల్లులు అప్పటికప్పుడు పిల్లలకు ఫోన్లు చేసి ఉంటారో ఊహించండి.

టవరు లేనిచోట ప్రతి మలుపులోనూ నేను ఫలానా, ఫలానా చోట ఉన్నాను, ఇది చేయబోతున్నాను అని రేడియోలో చెబుతూ ఉండాలి. వినేవాళ్లు ఉన్నారో లేరో అనుకోకూడదు. గన్నవరం లాంటి చోట టవరు ఉంటుంది, కంట్రోలరు ఉంటారు. అప్పుడు మాట రెండువైపులా నడుస్తుంది. ఆ మాట ఎలా ఉంటుందో మావాడి దగ్గర విన్నాను.

వాడు మోకాలికి ఒక చిన్న పలక కట్టుకుంటాడు, దానికి క్లిప్పుతో ఒక కాగితం. ఎడమవైపు వాడు చెప్పాల్సినది పెన్సిలుతో ముందే రాసుకుంటాడు. కుడివైపు టవరు చెప్పేది రాసుకోవడానికి ఖాళీ గళ్లు: రన్‌వే, గాలి, పీడనం, ట్రాఫిక్. మా వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, చేతిలో గరిటె పట్టుకుని వాడు చెప్పేవాడు: "విజయవాడ టవర్, విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ, సెస్నా వన్ సెవెన్ టూ, ఫిఫ్టీన్ మైల్స్ వెస్ట్, టూ థౌజండ్ ఫైవ్ హండ్రెడ్ ఫీట్, ఇన్‌బౌండ్ ఫర్ ల్యాండింగ్." ఎవర్ని పిలుస్తున్నాను, నేనెవర్ని, ఎక్కడున్నాను, ఎంత ఎత్తులో, ఏం కావాలి. ఇంతే. ఆ పదిహేను మైళ్లు పడమర అంటే ఇంచుమించు మన నెత్తిమీదే. టవరు వేషం నాది. కాగితం చూసి చదివేవాణ్ని: "రన్‌వే టూ సిక్స్, క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో ఎయిట్, ట్రాఫిక్ ఏటీఆర్ ఆన్ ఫైనల్, రిపోర్ట్ డౌన్‌విండ్." వాడు అందులో రన్‌వేను, పీడనాన్ని, చేయమన్న పనిని మళ్లీ అప్పజెప్పాలి. చివర్లో తన పేరు చెప్పాలి.

ఈ అప్పజెప్పడం వట్టి లాంఛనం కాదండీ. క్యూఎన్‌హెచ్ అన్న ఆ పీడనం అంకె చూడండి. ఎత్తు చూపించే గడియారాన్ని దాని ప్రకారమే సరిచేసుకోవాలి. వన్ జీరో జీరో ఎయిట్ అన్నది వన్ జీరో వన్ ఎయిట్ అని వినబడిందనుకోండి. ఒక్కో హెక్టోపాస్కల్‌కు సుమారు 30 అడుగుల తేడా వస్తుంది, పదికి 300 అడుగులు. గడియారం 1,000 అడుగులు చూపిస్తుంటే విమానం నిజానికి 700లో ఉంటుంది. పిల్లాడు తప్పుగా అప్పజెబితే కంట్రోలరు అక్కడికక్కడే పట్టుకుంటారు. అప్పజెప్పకపోతే పట్టుకునే అవకాశం ఎవరికీ ఉండదు.

ఇంకో సంగతి. ఏటీసీ, అంటే ఆ కంట్రోలర్లు ఉన్నారు కదా, అన్నీ వాళ్లే చూసుకుంటారని పిల్లలూ అనుకోకూడదు, మనమూ అనుకోకూడదు. కళ్లతో చూసుకుంటూ ఎగిరేటప్పుడు, ఫలానా చోట ఫలానా విమానం ఉందని కంట్రోలరు చెబుతారు. దాన్ని చూసి తప్పుకోవాల్సింది పైలటే. కనబడితే కనబడిందనాలి, కనబడకపోతే కనబడలేదనాలి. కనబడకుండా కనబడిందన్నాడంటే, కంట్రోలరు ఆ మాట నమ్మి తర్వాతి విమానానికి దారిస్తారు.

మన పిల్లల గురించి నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇక్కడుంది. మనం పిల్లల్ని పెద్దలకు ఎదురు చెప్పకుండా పెంచుతాం. క్లాసులో మాస్టారు "అర్థమైందా?" అంటే అందరూ "అయింది సార్" అంటారు. అర్థం కాని నలుగురూ ఆ గుంపులో కలిసిపోతారు. ఇంట్లో అది అణకువ, బళ్లో అది మర్యాద. మూడువేల అడుగుల ఎత్తులో ఒంటరిగా ఉన్నప్పుడు అదే ప్రాణం తీస్తుంది. హెడ్‌సెట్‌లో ఒక గొంతు గబగబా ఏదో చెప్పింది, సగం అర్థమైంది. వెనక ఇంకా నలుగురు పైలట్లు వింటున్నారు, అందరూ పెద్ద కంపెనీల వాళ్లు. మళ్లీ అడిగితే ఏమనుకుంటారో అనిపిస్తుంది. ఆ ఒక్క క్షణంలో అంతా విన్నట్టు "రోజర్" అనేసి ఊరుకోవాలన్న కోరిక పుడుతుంది. దాన్ని గెలవడం విమానం దింపడం కన్నా కష్టమని మావాడే చెప్పాడు.

ప్రపంచంలో జరిగిన ఘోరాలను తిరగేస్తే ఈ మాట నిజమని తెలుస్తుంది. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వచ్చిన ఏవియాంకా విమానాన్ని వాతావరణం బాగోలేక గంటకు పైగా గాల్లో తిప్పారు. ఇంధనం అయిపోవస్తోందని కోపైలట్ చెబుతూనే ఉన్నాడు, కానీ ఎమర్జెన్సీ అన్న మాట మాత్రం నోటితో అనలేదు. ఆ మాట విని ఉంటే కంట్రోలర్లు అందర్నీ పక్కకు తప్పించి దారిచ్చేవారు. ఆ విమానం ఇంధనం అయిపోయి లాంగ్ ఐలండ్‌లో కూలి 73 మంది పోయారు. 1996 నవంబరు 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్థాన్ విమానం గుద్దుకుని రెండింటిలోనూ ఉన్న 349 మందీ చనిపోయారు. దిగుతున్న కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఆగమన్నారు. ఎక్కుతున్న సౌదీ విమానానికి 14,000 అడుగులు ఇచ్చారు. కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు దాటి కిందికి దిగిపోయింది. ఆ విమానంలో ఏటీసీతో ఇంగ్లిష్‌లో మాట్లాడేది రేడియో ఆపరేటరు, విమానం నడిపేది వేరేవాళ్లు. జస్టిస్ లహోటీ విచారణ తర్వాత ఢిల్లీకి వచ్చే దారులు, వెళ్లే దారులు వేరు చేశారు. దగ్గరికొచ్చే విమానాన్ని పసిగట్టి హెచ్చరించే యంత్రం పెద్ద విమానాలకు తప్పనిసరి అయింది. చిన్న శిక్షణ విమానాల్లో సాధారణంగా ఆ యంత్రం ఉండదు. వాళ్లకు దిక్కు కళ్లూ నోరే.

అదే నవంబరు 12న, 2017లో, మన ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు. ఆ సాయంత్రం ఈ ఊరు ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. పోయినవాళ్లది తప్పని నేననను, అనకూడదు. కానీ అప్పట్నుంచీ మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. నీళ్లయినా, గాలయినా, రోడ్డయినా, ప్రయాణంలో సందేహం వస్తే బయటికి అనాలి. "లైఫ్ జాకెట్ ఏదండీ?" అని అడగడం ఎవర్నీ అవమానించడం కాదు.

అయితే మాటే సర్వస్వం అని కూడా అనుకోకండి. పైలట్లకు చెప్పే వరస ఇది: ముందు విమానం నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్‌తో ఏటీసీకి సంబంధాలు తెగిపోయాయన్న వార్త రోజంతా టీవీల్లో మోగింది. తర్వాత విచారణలో తేలిందేమంటే, ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక గురించి పుస్తకంలో వెతుకుతూ పైలట్లు నిమిషాల తరబడి అందులోనే మునిగిపోయారు, ఈలోగా హెలికాప్టర్ నల్లమల మీద దట్టమైన ఉరుముల మేఘంలోకి వెళ్లింది. అనుభవం ఉన్నవాళ్లకే చూపు లోపల చిక్కుకుపోతే, నేర్చుకునేవాడి సంగతి ఆలోచించండి. అందుకే టవరు పిలిచినా, చేతిలో పని ఒత్తిడిగా ఉంటే "స్టాండ్‌బై" అనొచ్చు. చేయలేని పని చెబితే "అనేబుల్" అనొచ్చు. తనది శిక్షణ విమానమని ముందే చెబితే కంట్రోలరు నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా చెబుతారు. అది పిల్లాడి హక్కు.

రేడియో పాడైతే? దానికీ దారుంది. విమానం జాడ రాడార్‌కు చెప్పే ట్రాన్స్‌పాండర్‌లో 7600 నొక్కితే రాడార్ తెర మీద వీడికి మాట రావట్లేదని తెలుస్తుంది. అప్పుడు టవరు నుంచి దీపంతో మాట్లాడతారు. నిలకడైన పచ్చ దీపం అంటే దిగొచ్చు. నిలకడైన ఎర్ర దీపం అంటే ఇంకొకరికి దారిచ్చి చుట్టూ తిరుగుతూ ఉండాలి. ఎర్ర దీపం ఆరి వెలుగుతుంటే ఇక్కడ దిగడం క్షేమం కాదు. పిల్లాడు రెక్కలు ఊపి అర్థమైందని చెబుతాడు. మాట పోయినా అప్పజెప్పడం ఆగదు, చూశారా!

"మావాడు తెలుగు మీడియమండీ, ఆ ఇంగ్లిష్ వాడివల్ల అవుతుందా?" అని ఒకాయన మొన్న దిగులుగా అడిగారు. అవుతుంది. రేడియోకు ప్రత్యేకమైన పరీక్ష ఉంది, ఆర్‌టీఆర్ అంటారు. ఇన్నాళ్లూ టెలికాం శాఖ పెట్టేది, కొత్త విమానయాన చట్టంతో ఆ బాధ్యత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు వచ్చింది. పిల్లలు దాన్ని చూసి భయపడే మాట నిజమే. కానీ రేడియోలో వాడే మాటలు కొన్ని వందలకు మించవు, వాటి వరస మారదు. అందులో వ్యాకరణం కన్నా విడివిడిగా, తొందర లేకుండా పలకడం ముఖ్యం. రోజూ అరగంట వసారాలో కుర్చీ వేసుకుని గట్టిగా పలికితే నోరు తిరుగుతుంది. టవరు వేషం వేయడానికి మీరున్నారు, మీ ఆవిడ ఉన్నారు. చదవడం వస్తే చాలు. మధ్యలో కావాలని ఒక అంకె తప్పు చెప్పండి, వేగంగా చదవండి. వాడు ఆగి "సే అగైన్" అన్నాడా, మెచ్చుకోండి. అనకుండా తలూపాడా, అక్కడ ఆపి మళ్లీ మొదటికి రండి.

బేగంపేటలోనో, నాగార్జునసాగర్ దగ్గరో, కెనడాలోనో, ఎక్కడ నేర్చుకున్నా మన పిల్లాడికి మనం ఇచ్చి పంపాల్సింది ఫీజు డబ్బులు మాత్రమే కాదు. నాకు అర్థం కాలేదు, నాకు కనబడలేదు, నావల్ల కాదు అనే మూడు మాటలు సిగ్గుపడకుండా అనగలిగే ధైర్యాన్ని కూడా ఇవ్వాలి. అది ఇంట్లోంచే రావాలి. రాత్రి ఫోన్ చేసినప్పుడు "ఎన్ని గంటలు ఎగిరావు?" అని అడగడం మన అలవాటు. దాంతోపాటు "ఇవాళ దేన్ని మళ్లీ అడిగి తెలుసుకున్నావురా?" అని కూడా అడగండి. వాడు ఏదో ఒకటి చెప్పాడంటే నిశ్చింతగా పడుకోండి. "ఏమీ లేదు, అన్నీ ఒక్కసారికే అర్థమైపోయాయి" అన్నాడా, ఆ రాత్రి ఇంకాసేపు మాట్లాడండి.